ఫలితం మీద తెల్లకాగితం

ఆఫీసులో ఆమె పేరు జల్లెడ. ఎదురుపడితే మేడమ్ అంటారు, అటు తిరగగానే జల్లెడ అంటారు. ఆమెకు తెలుసు, పట్టించుకోదు. ఏ వైద్యానికి బీమా వర్తించాలి, దేనికి అక్కర్లేదు అని తేల్చే సంఘం అది. తేల్చేది లోపలి గదిలో పొడుగాటి బల్ల చుట్టూ కూర్చునే డాక్టర్లే గానీ, వాళ్ల ముందుకు వెళ్లే కాగితం రాసేది బయట కిటికీ పక్కన కూర్చునే ఈమె. మందుల మీదా ఆపరేషన్ల మీదా జరిగిన పరిశోధనలు చదివి, ఏది నమ్మదగింది, ఏది ఉత్త గాలికబురు అని చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇన్ని చదివి చదివి ఈవిడ తలనొప్పి మాత్ర వేసుకోవడానికి కూడా గంటసేపు ఆలోచిస్తుందని పక్క సీటు బట్టతలాయన ఏడిపిస్తుంటాడు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పరిశోధన చేతికి రాగానే, ఫలితాలున్న పేజీల మీద తెల్లకాగితం పెట్టి పిన్ను కొట్టేస్తారు. ఎంతమంది మీద చేశారు, వాళ్లను రెండు గుంపులుగా ఎలా విడదీశారు, మధ్యలో ఎందరు మానేశారు, ఇవి మాత్రమే చదివి, పరిశోధన బలమైనదో బలహీనమైనదో రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే కాగితం తీసి ఫలితం చూడాలి. నచ్చిన ఫలితం ముందే కనబడితే తప్పులు కనబడవు, నచ్చనిది కనబడితే అన్నీ తప్పులే కనబడతాయి. అందుకే ఈ జాగ్రత్త. పైగా ప్రతిదాన్నీ ఇద్దరు విడివిడిగా చదవాలి. ఈ పద్ధతి పట్టుబట్టి పెట్టించింది జల్లెడే. బట్టతలాయనకు నేర్పిందీ ఆమే.

అలాంటి మనిషి ఆ మంగళవారం ముందే పిన్ను పీకింది.

వచ్చింది నొప్పి తగ్గడానికి అరిగిన మోకాళ్లలో వేసే జిగురు ఇంజెక్షన్ సంగతి. ఆమె అక్క ఆరునెలలకోసారి వేయించుకునేది అదే. అక్క బట్టలు కుడుతుంది. తల్లి పోయాక చెల్లెలి చదువంతా ఆ మిషను మీదే నడిపింది, తొక్కీ తొక్కీ మోకాళ్లు అరగదీసుకుంది. ఇంజెక్షన్ పడితే నాలుగు నెలలు హాయిగా మెట్లెక్కుతుంది. బీమా లేకపోతే దాని జోలికి వెళ్లే స్తోమత ఆ ఇంట్లో లేదు.

పని మొదలుపెట్టే ముందు నింపే పత్రంలో, మీ బంధువులెవరైనా ఈ మందు తయారు చేస్తారా, అమ్ముతారా అని అడుగుతారు. లేదని రాసింది. వాడతారా అని అడగలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ మాట ఇంకెవరైనా అనుంటే చీల్చి చెండాడేది.

కాగితం కింద ఉన్నది ఇది. సగం మందికి ఇంజెక్షన్ వేశారు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో ఎవరికీ చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులకూ నొప్పి ఒకేలా తగ్గింది. ఆమె కాగితం మళ్లీ పెట్టి, పిన్ను కొట్టి, మొదటి పేజీ నుంచి చదివింది. చదవడం కాదు, వెతకడం. రెండు వందల మందిలో పదకొండు మంది మధ్యలో మానేశారు. చాలు, దొరికింది. ‘బలహీనమైన పరిశోధన’ అని రాసి సంతకం పెట్టింది.

మర్నాడు బట్టతలాయన రెండు కాగితాలూ పట్టుకుని వచ్చాడు. విడిగా చదివిన రెండో మనిషి ఆయనే, ‘బలమైనది’ అని రాశాడు.

“మేడమ్, పోయిన నెల ఇరవై మంది మానేసినదాన్ని మీరే బాగుందన్నారు. ఇక్కడ పదకొండు మంది మానేస్తేనే బలహీనమన్నారు. నేనేమైనా పొరపాటు పడ్డానా?”

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతున్నాడు. నేర్పిన మనిషి తప్పు చెయ్యదని ఆయన నమ్మకం. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“పొరపాటు మీది కాదండీ. నేను కాగితం ముందే తీశాను. మా అక్క ఆ ఇంజెక్షన్ మీదే నడుస్తోంది.”

ఆయన వెళ్లి మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆమె వెళ్లి సంఘానికి పెద్దయిన డాక్టరుగారికి కూడా అదే చెప్పింది. ఆయన ఆ ఫైలు ఆమె దగ్గర నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చాడు. పత్రంలో ‘వాడతారా’ అన్న ప్రశ్న చేర్పించాడు. నెల తిరిగేసరికి సంఘం తేల్చేసింది. ఇంజెక్షన్‌కు ఇక బీమా లేదు, దాని బదులు దగ్గరుండి చేయించే మోకాలి వ్యాయామాలకు ఇస్తారు.

బీమా ఆగిందన్న ఉత్తరం వెళ్లేలోపే తను చెప్పాలని ఆదివారం అక్క ఇంటికి వెళ్లింది. అక్క మిషను మీద పరదా గుడ్డ కుడుతోంది. అంతా విని చక్రం ఆపింది.

“నువ్వే రాశావా?”

“లేదక్కా. నన్ను పక్కన పెట్టారు.”

అక్క మొహం కాస్త తేటపడింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. జల్లెడ ఊరుకోలేదు.

“కానీ నిజాయతీగా రాసుంటే నేనూ అదే రాసేదాన్ని.”

అక్క మిషను మీది గుడ్డ సర్దింది.

“మరి నాకు తగ్గుతోందే. నేను నాటకాలాడుతున్నానా?”

“నీకు తగ్గడం నిజమేనక్కా. దానివల్లే తగ్గుతోందన్నది తేలలేదు. సూది పడ్డాక బావ నిన్ను పదిహేను రోజులు మిషను ఎక్కనివ్వడు. అందువల్లేమో. అదీ తేల్చి చెప్పలేను.”

“పోనీ ఆ వ్యాయామాలు? వాటి మీదా కాగితాలు చదివారా?”

“చదివాం. సగం మందికి పైగా తగ్గింది.”

“ఆ సగంలో నేనుంటానా?”

ఉంటావక్కా అని నోటిదాకా వచ్చింది. అక్క ఆ ఒక్క మాట కోసమే చూస్తోంది.

“తెలియదక్కా.”

“ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయిందే?”

చెల్లెలికి ఏడుపు ఆగలేదు. యాభై ఏళ్ల మనిషి, కుట్టాల్సిన పరదా గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చింది. అక్క ఆ గుడ్డ లాక్కుని, మడత పెట్టి, మిషను పట్టుకుని మూలుగుతూ లేచి నిలబడింది.

“కస్టమర్ గుడ్డే అది. సర్లే, ఆ వ్యాయామాలకి ఎన్నింటికి రమ్మంటారు వాళ్లు?”