కుర్చీలు చూసి చెప్పిన కటా

కరాటేలో కటా అంటే ఎదుట మనిషి లేకపోయినా ఉన్నాడనుకుని చేసే పోరాటం. అడుగులు, దెబ్బలు, అడ్డుకోవడాలు అన్నీ ఒక వరుసలో ఉంటాయి. ఆ వరుసకు ఒక పేరుంటుంది. పోటీలో మ్యాట్ మీదికి వెళ్ళి ఆ పేరు గట్టిగా చెప్పి మొదలుపెట్టాలి. ఒకసారి చెప్పాక మార్చుకునే వీల్లేదు. ఈ ఆటలో నేను ఏడేళ్ళు గడిపాను, ఒక్క పేరు తప్పుగా ఎంచుకున్నాను.

నాకు ఇద్దరు గురువులు. ధర్మవరంలో నేర్పినాయన్ని మాస్టరు అనేవాళ్ళం. పగలు పట్టుకు రంగులు వేసే పని, సాయంత్రం ఒక బడి ఆవరణలో కరాటే. ఆయన గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎరుపో పసుపో ఉండేది. ఆయనది షోటోకాన్ పద్ధతి: పొడవాటి అడుగు, నేలకు దగ్గరగా దిగిన నడుము. నాకు పదమూడేళ్ళప్పుడు నాయన మగ్గం ఆపేసి హిందూపురంలో ఫ్యాక్టరీ పనికి చేరాడు. మాస్టరుకు చెప్పకుండానే ఊరు మారిపోయాను. చెప్పాలంటే ఏడుపొస్తుందని భయం. హిందూపురంలో దొరికిన సారుది షిటోర్యూ: పొట్టి అడుగు, నిటారు నడుము. ఒకే పేరున్న కటా రెండు పద్ధతుల్లోనూ ఉంటుంది గానీ అక్కాచెల్లెళ్ళలాగా పోలిక ఒకటే, నడక వేరు. మాస్టరు దగ్గర కాళ్ళు బారెడు చాచి వెనక కాలి మీద బరువు వేసే చోట, సారు దగ్గర పిల్లిలాగా ముందు కాలి మునివేళ్ళు మాత్రం ఆనించి నిలబడాలి. మొదటి ఆరు నెలలు నా మోకాళ్ళకు ఎవరి మాట వినాలో తెలియలేదు.

“నువ్వు పొట్టిగుండావు పాపా. పొడుగోళ్ళ అడుగు నీకెందుకు? ఉండే కాళ్ళతో పని చూసుకో” అన్నారు సారు. ఒళ్ళు మండింది. కానీ మాట నిజం.

ఇంటర్‌కు వచ్చేసరికి కటాలు ఎంచుకోవడం నాకొక పిచ్చిగా మారింది. ఫోన్‌లో వేగం తగ్గించి రెండు పద్ధతుల వాళ్ళనూ చూసేదాన్ని, నన్ను నేను వీడియో తీసుకుని పక్కన పెట్టి చూసేదాన్ని. మాస్టరు నేర్పిన వాటిలో పెద్దది కంకుదాయ్. రెండు చేతులూ కలిపి పైకెత్తి, ఆ సందులోంచి ఆకాశం చూస్తూ మొదలవుతుంది. చివర్లో గాల్లోకి ఎగిరి రెండు తన్నులు. నేను ఎగిరితే ఎగిరినట్టు నాకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. సారు నేర్పినది సూపరింపేయ్. మొదటి మూడడుగులు ఊపిరి బిగించి వదులుతూ నెమ్మదిగా పడతాయి. చాలా పొడవు, తొందరపడేవాళ్ళకు సగంలోనే ఆయాసం వస్తుంది. నాకు రాదు. ఆ కటా చేస్తున్నప్పుడు వీడియోలో నేను పొట్టిగా ఉన్నానన్న సంగతి నాకే గుర్తుండేది కాదు. పోటీలో ఒకే రోజు ఒకే కటా రెండోసారి చేయకూడదు కనుక, దాన్ని ఫైనల్‌కు దాచుకున్నాను. కంకుదాయ్‌ని లెక్కలోంచి తీసేశాను. మరిచిపోకూడదని మాత్రం మిద్దె మీద అప్పుడప్పుడూ చేసేదాన్ని.

ఆ ఏడు నాయన ఒక షరతు పెట్టాడు. “ఈతూరి రాష్ట్రానికి పోతే పో. లేదంటే ఇంగ సాలు, సదువు చూసుకో.” సరేనన్నాను. జిల్లా పోటీలో గెలిచిన ఒక్కరే రాష్ట్రానికి వెళ్తారు. గెలుస్తాననే నా నమ్మకం.

పోటీలు పెనుకొండలో, ఒక కల్యాణ మండపంలో. మ్యాట్ చుట్టూ ఐదు కుర్చీలు, ఒక్కో కుర్చీలో ఒక జడ్జి, చేతుల్లో ఒక ఎర్ర జెండా, ఒక నీలం జెండా. ఎవరు బాగా చేశారనుకుంటే వాళ్ళ రంగు జెండా ఎత్తుతారు. చిన్న ఊళ్ళలో నేర్పేవాళ్ళే జడ్జీలు కూడా, వేరే దిక్కు లేదు. అందుకే పిల్లల్లో ఒక మాట ఉండేది: కుర్చీలు చూసి కటా చెప్పు. ఎక్కువమంది ఏ పద్ధతి వాళ్ళుంటే ఆ పద్ధతి కటా చెయ్యమని. నేను ఆ మాటకు నవ్వేదాన్ని.

రెండు రౌండ్లు సుళువుగా గెలిచాను. ఫైనల్‌కు ముందు జడ్జీలు మారారు. ఎదురుగా ఉన్న కుర్చీలో మాస్టరు వచ్చి కూర్చున్నారు. నాలుగేళ్ళయింది చూసి. జుట్టు నెరిసింది. నన్ను చూసి నవ్వలేదు. జడ్జి నవ్వకూడదని నాకు తెలుసు. అయినా చెప్పకుండా వెళ్ళిపోయినదాన్నన్న సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఫైనల్లో నాతో పోటీ కదిరి అమ్మాయి. నాది ఎర్ర పట్టీ, ఆ అమ్మాయిది నీలం. ముందు నన్ను పిలిచారు. మ్యాట్ మీద నిలబడి “కంకుదాయ్” అన్నాను. పక్కనున్న సారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

తప్పేమీ చేయలేదు. వరుస అంతా సరిగ్గానే వచ్చింది. ఎగిరే చోట ఎప్పటిలాగే ఎగిరాను. తరువాత కదిరి అమ్మాయి చేసింది. విజిల్ వేశారు, జెండాలు లేచాయి. నేను ఎదురు కుర్చీలోని జెండా ఒక్కటే చూశాను. అది నీలం. మూడు నీలాలు, రెండు ఎరుపులు.

సాయంత్రం పెనుకొండ రైల్వే స్టేషన్లో సారు టీ కోసం బయటికి వెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద మాస్టరు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఆయన బండి ధర్మవరం వైపు, మాది హిందూపురం వైపు. నేనే దగ్గరికి వెళ్ళాను.

“ఏం పాపా, కంకుదాయ్ ఎందుకు చేస్తివి?”

“మీరు నేర్పించింది కద మాస్టర్.”

“నేర్పిస్తి. కానీ కటాలో నీ ముందర మనిషి నిలబడుకోని ఉండాల. నీ కండ్లు యాడుండాయి? నా కుర్చీ మీదుండాయి. నీది సూపరింపేయ్ బాగుంటాదని మీ సారు చెప్పినాడు. చూద్దామని ఆ కుర్చీ అడిగి కూర్చుంటి.”

బ్యాగు కింద పెట్టేశాను. “ఇప్పుడు చేసి చూపించేదా మాస్టర్? ఈడనే చేస్తా.”

“వద్దు పాపా. నాకు చూపించల్లనే కదా నువ్వు ఇంత పని చేసింది.”

నాకు చాలా కోపం వచ్చింది. బండిలో సారుతో కూడా మాట్లాడలేదు. ఇంట్లో నాయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఓడిపోయాననీ, సోమవారం నుంచి క్లాసుకు పోననీ చెప్పాను. ఆయన టవల్ తీసుకుని మెల్లగా తుడుచుకున్నాడు.

“ఎవరు గెల్సిరి?”

“కదిరి అమ్మాయి.”

“అంత బాగా చేసిందా? ఏం చేసింది?”

ఆ అమ్మాయి నా ముందే, నాకు నాలుగడుగుల దూరంలో కటా మొత్తం చేసింది. దాని పేరు కూడా నేను వినలేదు.