ఎర్ర పీలిక కట్టిన చర్చి

చర్చి మూసేస్తామన్న మాట విన్నప్పుడు నా చేతిలో టీ పళ్ళెం ఉంది. కమిటీ పెద్దాయన, మరమ్మతు చేయించడానికి వచ్చిన ఇంజినీరమ్మ బల్ల మీద పటం పరుచుకుని మాట్లాడుకుంటున్నారు. పైకప్పు దూలాలకు చెదలు పట్టింది. గోడల సున్నం పొరలు పొరలుగా రాలుతోంది. ఏడాది పాటు తలుపు వేసేస్తే పని సాఫీగా సాగుతుందని పెద్దాయన అన్నాడు. ఇంజినీరమ్మ తలూపింది.

నేను పళ్ళెం కింద పెట్టి, "మూసుడెందుకు?" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. మేం మాట్లాడుకునేది హిందీలో. ఇక్కడ మా ఇంటి మాటలోకి తెచ్చి రాస్తున్నాను.

ఆ చర్చి సూరత్ పాత ఊళ్ళో, తాపీ నదికి దగ్గరగా ఉంటుంది. తెల్లవాళ్ళ కాలం నాటిది. నేను క్రైస్తవురాలిని కాను. బతుకమ్మను ఎత్తుకున్న చేతులతోనే ఆరేళ్ళు ఆ నేల ఊడ్చాను. రెండూ ఎలా కుదురుతాయని వాడకట్టులో అడిగినవాళ్ళకు, చీపురుకు కులం లేదని చెప్పేదాన్ని. అంతకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా మరమగ్గాల షెడ్డులో పోగులు అతికాను. అతికే యంత్రం వచ్చి, షెడ్డు కూడా ఊరి బయటి జోల్వాకు తరలిపోయాక ఇక్కడ పని దొరికింది.

ఆదివారం ప్రార్థనకు వచ్చేది కొద్దిమందే. మిగతా రోజుల్లో ఎవరెవరో వస్తారు. ఎప్పుడో ఈ ఊళ్ళో చనిపోయిన ముత్తాత పేరును గోడ మీది రాతిపలకల్లో వెతుక్కునేవాళ్ళు, మెడలో కెమెరాల వాళ్ళు, ఎండకు తాళలేక కాసేపు చల్లగా కూర్చునే చీరల మార్కెట్ హమాలీలు, బిడ్డకు జ్వరం తగ్గాలని కొవ్వొత్తి వెలిగించే, మగ్గాల పనివాళ్ళుండే మా లింబాయత్ వాడ ఆడవాళ్ళు. ఒక ముసలామె అయితే రోజూ పదింటికి వచ్చి, మూడో బల్ల మీద అరగంట కూర్చుని, ఎవరితో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయేది. తలుపు మూస్తే ఆమె ఎక్కడికి పోతుంది? పెద్దాయన పటంలో ఆమె లేదు.

"మగ్గం మీద పడుగు అయిపోవస్తే మేం ఏం చేస్తమో తెలుసా మేడం?" అని అడిగాను. "పాత పోగులను తీసెయ్యం. కొసలు ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటి వాటికే అతుకుతం. ముడులు మెల్లగ ముందుకు జరుగుతయ్. మొత్తం కోసి పారేస్తె, ప్రతి పోగును మళ్ల మగ్గంల ఉన్న సన్నటి కంతలల్లకెళ్లి ఎక్కియ్యాలె. దినాలు పడ్తది. మనుషులు గూడ గంతే. ఒక్కపారి తాళం పడితె వాళ్లు వేరే జాగ చూసుకుంటరు. మళ్ల ఒక్కొక్కరిని ఎవరు పిలుచుకొస్తరు?"

"ఊడ్చేవాళ్ళు కూడా ఇంజినీర్లయ్యారు," అన్నాడు పెద్దాయన.

ఇంజినీరమ్మ నవ్వలేదు. "నెత్తి మీద సున్నం పెచ్చు పడితే ఎవరు జవాబు చెప్తారు, మాసీ?" అంది. మాసీ అంటే పిన్ని.

"చర్చిని మూడు ముక్కలు చెయ్యండ్రి. ఒక ముక్కల పని, రెండు ముక్కల మనుషులు. నడుమ గీత పెట్టుండ్రి, ఆ గీత కాడ నేను కూసుంట."

ఆమె చాలాసేపు పటం చూసింది. చివరికి ఒక షరతు పెట్టింది. ముందు బలిపీఠం ఉన్న వైపు పని మొదలుపెడుతుంది. పదిహేను రోజులు చూస్తుంది. ఆ పదిహేను రోజుల్లో ఒక్క మనిషి గీత దాటినా పని అయ్యేదాకా తలుపు మూతే. ఎందుకు దాటారు, ఎవరు దాటారు అన్న లెక్కే లేదు.

మర్నాడు పరంజా కట్టారు. దాని ముందు లోపలికి రావద్దని గుజరాతీలోనూ ఇంగ్లీషులోనూ ఒక బోర్డు పెట్టారు. నాకు నవ్వొచ్చింది. యాభై రెండేళ్ళ వయసులో, మా సందులో ఉండే రిటైరైన పంతులమ్మ ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ముందు తెలుగు, తర్వాత కాస్త గుజరాతీ. అంతకు ముందు ఎన్ని బోర్డుల ముందు నుంచి తల తిప్పకుండా నడిచిపోయానో నాకే తెలియదు. చదువు రానివాళ్ళకు బోర్డు అంటే రంగు వేసిన రేకు.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. మగ్గం ఆపి లోపల చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు దానికి ఎర్ర గుడ్డపీలిక కట్టాలి. పీలిక ఉన్న మగ్గాన్ని యజమాని షేఠ్ కూడా ముట్టుకోడు. కట్టిన మనిషే దాన్ని విప్పాలి. ఒకరు కట్టింది ఇంకొకరు విప్పి మీట నొక్కితే ఏమవుతుందో, రెండు వేళ్ళు లేని మా ఆయన కుడిచెయ్యి చూస్తే తెలుస్తుంది.

నా పాత ఎర్ర చీర చింపి పీలికలు చేశాను. గీతకు గుర్తుగా రెండు స్తంభాల మధ్య తాడు కట్టి, నడుము ఎత్తులో జానెడు దూరానికొకటి ముడి వేశాను. హమాలీలు చూసి ఆగారు. మా లింబాయత్ ఆడవాళ్ళకు చెప్పనే అక్కర్లేదు. ఒకామె తన బిడ్డను వెనక్కి లాగి, "దగ్గరికి పోకు, మగ్గం ఆగింది," అంది.

పదకొండు రోజులు ఎవరూ దాటలేదు. పైన మేస్త్రీలు సున్నం గీకుతుంటే కింద జనం తలలెత్తి చూసేవాళ్ళు. పని చూడటానికే వచ్చేవాళ్ళూ మొదలయ్యారు.

పన్నెండో రోజు కమిటీ పెద్దాయన ఒక అతిథిని తీసుకొచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా మనిషి. బలిపీఠం దగ్గర నుంచి చూపించాలని పెద్దాయన తాడు పైకెత్తాడు. నేను లేచి వెళ్ళి తాడు పట్టుకున్నాను.

"విప్పు," అన్నాడు.

"విప్ప."

"ఈయన ఎవరో తెలుసా నీకు?"

"తెల్వదు సాబ్. పైన మనుషులు పని చేస్తుండ్రు, గది తెలుసు."

"ఇది నీ మగ్గాల షెడ్డు కాదు."

"షెడ్డయితె మీరు గింత దూరం గూడ రాకపోదురు. ఇయ్యాల మీరు దాటితె రేపు తలుపు మూస్తరు. షరతు మీ ముందరనే పెట్టిండ్రు గద?"

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వుతో నాకు అర్థమైంది. షరతు ఆయన మరిచిపోలేదు, అది తప్పాలనే చూస్తున్నాడు. నేను తాడు వదల్లేదు. అతిథి పరంజా వైపు ఒకసారి తలెత్తి చూసి, "ఇక్కడి నుంచి బాగానే కనబడుతోంది," అని రెండడుగులు వెనక్కి వేశాడు.

సాయంత్రం పెద్దాయన నా దగ్గరుండే చర్చి తాళంచెవి తీసుకున్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు.

ఇంటికి వెళ్ళి చెప్తే మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, "గుడ్డపీలిక కోసం నౌకరి పోగొట్టుకున్నోళ్లు సూరత్‌ల నువ్వొక్కదానివే," అన్నాడు.

"నీ వేళ్లు పోయింది గుడ్డపీలిక ఎవడో విప్పబట్టే గద?"

ఆయన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "సరె, రేపటి సంది ఇంట్ల కూసో జర."

"ఎందుకు కూసుంట? నౌకరి పోయింది గని తలుపు పోలె. ఆ తలుపు ఎవ్వరికైనా తెరిచిందే. ఎవ్వరైనా అంటే నేను లేనా?"

"నీతోని వాదిస్తె ఇంకో వేలు పోతది," అన్నాడు.

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని పదింటికి వెళ్ళాను. ఆరేళ్ళలో ఆ గుమ్మం చేతిలో చీపురు లేకుండా దాటడం అదే మొదటిసారి. గుమ్మం పక్కన సందర్శకుల పుస్తకం ఉంటుంది. రోజూ దాని దుమ్ము తుడిచేదాన్నే కాని ఎప్పుడూ కలం పట్టలేదు. ఆ రోజు పట్టాను. తెలుగులో నా పేరు రాశాను, ఒత్తులతో సహా. పెద్దాయన పక్కనే నిలబడ్డాడు.

"ఎక్కడి నుంచి వచ్చావో కూడా రాయాలి. మీ ఊరు," అన్నాడు.

"రాసిన సాబ్. సూరత్."

వెళ్ళి మూడో బల్ల మీద కూర్చున్నాను. ముసలామె నా వైపు చూడలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

పద్నాలుగో రోజూ, పదిహేనో రోజూ వెళ్ళాను. ఒక్కరూ గీత దాటలేదు. తర్వాతి వారం పరంజాను మధ్య ముక్కకు జరపాల్సి వచ్చింది. ఇంజినీరమ్మ నేను కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చి, "మాసీ, మేస్త్రీలు ఆ పీలికల్ని ముట్టుకోమంటున్నారు. కట్టిన మనిషే విప్పాలట," అంది. పెద్దాయన వింటూనే ఉన్నాడు.

నేను లేచి, తొందరపడకుండా, ఒక్కొక్క ముడీ విప్పాను. తాడును తర్వాతి స్తంభాలకు కట్టి పీలికలన్నీ మళ్ళీ ముడివేశాను.

ఊడ్చే పని మళ్ళీ ఇచ్చారా అని అందరూ అడుగుతారు. ఇవ్వలేదు. నేనూ అడగలేదు. మా వీధిలో బ్లౌజులకు హుక్కులు కుట్టి సంపాదించుకుంటున్నాను. మూడో ముక్క పని ఇంకా మిగిలే ఉంది, తలుపు తెరిచే ఉంది. సందర్శకుల పుస్తకంలో చివరి గడి అభిప్రాయం రాయడానికట. కొందరు చాలా అందంగా ఉందని రాస్తారు. పెద్దాయన రోజూ ఆ పుస్తకం తిరగేస్తాడని తెలుసు. నేను మాత్రం ఆ గడిలో ప్రతిరోజూ ఒకటే మాట రాస్తాను: "ఇవాళ కూడా వచ్చాను."