కోదాడ నాకా భవనంలో గాజుపట్టీ

ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను కోదాడకు పంపారు. అప్పుడు నేను పాత కట్టడాలను చూసే శాఖలో పరిరక్షణ సహాయకుణ్ణి. పని, నిజాం కాలపు సుంకం నాకా భవనాన్ని పరిశీలించడం. రెండు ప్రాంతాలు ఒకటై సరిహద్దు చెరిగిపోయాక ఆ భవనాన్ని అందరూ మరిచారు. సరిహద్దు తిరిగి వచ్చేసరికి దాని పడమటి గోడ నిలువునా బీటవారి ఉంది.

సున్నపు గోడ కదులుతోందో లేదో తెలుసుకోవడానికి మాకో పాత పద్ధతి ఉంది. బీటకు అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించి, దానిమీద తేదీ రాస్తాం. గోడ కదిలితే గాజు పగులుతుంది.

ఆ గోడకు ఆనుకున్న గదిలో యాదమ్మ, ఆమె కోడలు ఉండేవారు. ఆవరణ ఊడ్చినందుకు జీతం లేదు, గది ఉంది. గాజును ఎవరూ ముట్టకూడదని గట్టిగా చెప్పి వచ్చాను.

మూడు నెలలకోసారి వెళ్ళాను. మూడుసార్లూ గాజు చెక్కుచెదరలేదు. ‘గోడ స్థిరంగా ఉంది’ అని రాశాను. అది చూసి సహాయ సంచాలకులు మరమ్మతును వాయిదా వేశారు.

నాలుగోసారి వెళ్ళినప్పుడు తేదీలోని అంకెలు నావి కావని తోచింది. నా చేతిరాత అంత కుదురుగా ఉండదు.

“పలిగింది సారూ,” అంది యాదమ్మ. “నేనే పలగ్గొట్టిన్నని రాసి గది ఖాళీ చేపిస్తరని కొత్తది పెట్టిచ్చిన.”

ఎన్నిసార్లని అడిగాను.

“నాలుగు. అద్దాల షాపాయనకు కొలత నోటికొచ్చింది. తేదీ మా కోడలు ఏసింది. మీ రాత కన్నా మంచిగనే ఉంది, సూడుండ్రి.”

అది పగలడానికే పెట్టామన్నాను.

“గా ముచ్చట ముందే జర సెప్తే ఏం పోయేది సారూ?”

ముట్టకూడదన్నానే తప్ప, ఎందుకో నేను చెప్పలేదు. ఏడాదిగా వాళ్ళిద్దరూ కదిలే గోడ పక్కన నిద్రపోయారు.

నా మూడు నివేదికలూ తప్పని ఆ రోజే రాసి పంపాను. నాకు మెమో వచ్చింది. గోడకు ఊతకర్రలు పెట్టి గది ఖాళీ చేయించాం. వానలయ్యాక రానిస్తారు కదా అని యాదమ్మ అడిగింది. రానిస్తామన్నాను. ఆ మాట ఇచ్చే హోదా నాది కాదు.

మరమ్మతు బాగా జరిగింది. భవనం రక్షిత కట్టడమైంది. రక్షిత కట్టడంలో ఎవరూ నివసించరాదు కనుక, ఆ గదిలో మా సున్నం బస్తాలు పెట్టుకున్నాం. యాదమ్మ మునగాలలో కూతురింటికి చేరి, నిరుడు అక్కడే పోయింది. గోడ బాగుంది.

కొలిచేవాణ్ణి చూసి భయపడేచోట కొలత నిజం చెప్పదు. ఆ భయానికి కారణం లేకపోలేదు కూడా. ఆ తర్వాత ఏ భవనానికి వెళ్ళినా, ఖాళీ చేయవలసి వస్తే ఎక్కడికి పోతారని అక్కడ ఉండేవాళ్ళను ముందే అడిగేవాణ్ణి. మా ఫారంలో దానికి గడి లేదు. కాగితం వెనక రాసేవాణ్ణి.