కిరోసిన్ వాసన వేసే పాఠాలు

నిన్న అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాసన తగలగానే నాంపల్లిలోని మా కిరాయి ఇల్లు గుర్తొచ్చింది. మన చిన్నప్పటి కిరోసిన్ వత్తుల స్టవ్ గుర్తుందా? దాని మీద ఉప్మా కలుపుతూ అక్క నా పాఠం పైకి చదివేది; పుస్తకమంతా కిరోసిన్ వాసనే. అది విని, బడిలో పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెప్పేదాన్ని. నాకు చదవడం రాదని ఎవరికీ తెలియదు.

ఒకరోజు తెలుగు టీచర్ ఇంకా చెప్పని పాఠం తీసి చదవమన్నారు. నేను అంతకుముందు విన్న పాఠమే అప్పజెప్పాను. క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం నాన్నను పిలిపించి, "పిల్ల మొద్దు కాదన్నా. విన్నదంతా యాదుంచుకుంటది. అక్షరాలే అందుతలేవు, జర వేరే తీరుగ నేర్పాలె" అన్నారు. ఇంటర్వెల్‌లో పక్కన కూర్చోబెట్టుకుని, ఇసుకలో వేలితో దిద్దిస్తూ నేర్పారు కూడా.

నిన్న అదే ఫుట్‌పాత్ మీద, మూడో తరగతి చదివే మా చిన్ని బొమ్మల పుస్తకం తెరిచి ఏనుగు కథ గడగడా చదివేస్తోంది. ఎందుకో అనుమానమొచ్చి బొమ్మను చేత్తో మూశాను. కథ ఆగిపోయింది.

"నాకు చదవరాదమ్మా."

"నాకు గూడ గట్లనే ఉండె బిడ్డా. రేపు మీ టీచర్‌తోని మాట్లాడుత. నేర్చుకుందువు."

"నిజంగనా? నీకు గూడనా?"

అది నా చెయ్యి పక్కకు తీయలేదు. బొమ్మను అలాగే మూసి ఉంచి, కింద మొదటి అక్షరం మీద తన వేలు పెట్టింది.