పది నిమిషాలు ముందుకెళ్లిన సర్వరు

ఆవిడను వీధిలో అందరూ సర్వరక్క అంటారు. చిన్న చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు నడపడం ఆవిడ పని. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లో సర్వరు పేరుతో ఒక వాటా అద్దెకు తీసుకుని, ముందుగదిలో కాళ్లు బారజాపుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఆ వాటాను ఏలుతుంటుంది. దానికున్న రోగం ఒక్కటే, గడియారం. పెద్ద కంప్యూటర్‌కు పని ఎక్కువై వాటాలను కాసేపు ఆపినప్పుడల్లా ఈ సర్వరు కునుకు తీస్తుంది. లేచాక ఎంతసేపు పడుకుందో దానికే తెలియదు, టైము అంతమేర వెనకబడిపోతుంది. సర్వరక్క తిట్టుకుంటూ టైమును చేత్తోనే సరిచేస్తుంది. సరైన టైము కనుక్కుని గడియారాన్ని తనంతట తనే దిద్దే ప్రోగ్రాం ఒకటుంది. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అంటూ ఏళ్లు దొర్లించింది, మహాతల్లి.

ఈసారి వ్యవహారం ఇంటిది. చెల్లెలు రాసి ఆడించబోయే మొదటి నాటకానికి టికెట్లు ఆ రోజు పొద్దున పదింటికి ఈ సర్వరులోనే అమ్మాలి. సాయంత్రానికి సగం సీట్లైనా పోకపోతే హాలు ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని ముఖం మీదే చెప్పాడు. చెల్లెలికి తిండి సయించడం లేదు.

సర్వరు మళ్లీ వెనకబడితే? సర్వరక్కకు గుబులు పుట్టింది. ఆ ఇంట్లో ఆలస్యానికి ఒకటే మందు. అమ్మ వంటింటి గడియారాన్ని ఎప్పుడూ పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతుంది. ఆ అలవాటు ఎటు పోతుంది? సర్వరక్క టీ తాగుతూ సర్వరును కూడా పది నిమిషాలు ముందుకు జరిపేసి, హాయిగా లాగౌట్ అయిపోయింది.

స్నానం చేస్తుంటే అసలు సంగతి తట్టింది. అంత తేడా ఉంటే, డబ్బు కట్టించుకునే బ్యాంకు ప్రతి టికెట్టునూ తిప్పికొడుతుంది! తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. సర్వరులోకి వెళ్లాలంటే ఫోన్లో కనిపించే కోడ్ కొట్టాలి. ఆ కోడ్ గడియారాన్ని బట్టి మారుతుంటుంది. కొట్టింది. చెల్లదంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట.

"నా పని అయిపోయింది!" అంటూ చెల్లెలు దుప్పటి ముసుగు తన్ని పడుకుంది.

"తాళంచెవి ఎక్కడ పారేశావే?" అంది అమ్మ.

"ఇక్కడే ఉందమ్మా! ఇది ఇప్పటి తాళంచెవి. తాళమేమో పది నిమిషాల తర్వాతది!"

అనేసి, తన మాటకు తనే ఆగిపోయింది. మరుక్షణం ఫోన్ తీసి దాన్నీ పది నిమిషాలు ముందుకు జరిపింది. కొత్త కోడ్ కొట్టింది. సర్వరు కిక్కురుమనకుండా తలుపు తీసింది.

సర్వరక్క అమ్మను పట్టుకుని గదంతా గిరగిరా తిప్పింది.

"నడుం పట్టేస్తుందే, వదులు!" అని అమ్మ అరుస్తూనే నవ్వింది.

ఆ ఊపులోనే ఇన్నేళ్లూ బద్ధకించిన ప్రోగ్రాం పెట్టేసింది. అది బయటి గడియారాలను అడిగి సర్వరును దారిలో పెట్టింది. సరిగ్గా పదింటికి అమ్మకం మొదలైంది. ఒక టికెట్టు పోయింది. వెనకే నాలుగు. తర్వాత లెక్క పెట్టడం ఎవరి తరమూ కాలేదు. భోజనాల వేళకల్లా హాలు మొత్తం నిండిపోయింది.

"లేవే! ఒక్క సీటు మిగల్లేదు!" అంటూ అక్క దుప్పటి లాగేసింది.

చెల్లెలు లేచి కూర్చుంది. నవ్వింది, ఏడ్చింది, ఉన్నట్టుండి బిత్తరపోయి అక్క చెయ్యి పట్టుకుంది.

"అమ్మో! అయితే అందరూ నిజంగానే వచ్చేస్తారా అక్కా?"