మత్కుణం అంటే నేను రాసిన అర్థం

మొన్న శనివారం నా మనసులో మాట తీసుకెళ్ళి సుబ్బారావు గారి పేరు మీద పడేసి వచ్చాను. ఆయనకి వచ్చే ఏడు రిటైర్మెంట్, ఇద్దరు మనవలు. నవ్వండి, నవ్వండి. టీ చల్లారేలోపు మొత్తం చెప్పేస్తా.

మా సాయంత్రం రేపల్లె బండి సంగతి మీకు తెలుసుగా. ఆవిరి ఇంజను పోయి డీజిలొచ్చినా నడక మారలేదు. అందుకని తెనాలిలో ఎక్కగానే ఓ ఆట మొదలెడతాం. లైబ్రరీలో పనిచేసే సరోజక్క నిఘంటువు తీసి, ఎవరికీ తెలియని మాట ఒకటి చదువుతుంది. మేం తలా ఒక దొంగ అర్థం చీటీ మీద రాసిస్తాం. అక్క వాటిల్లో అసలుది కలిపి అన్నీ చదువుతుంది. ఏది అసలుదో మేం చెప్పాలి. అందరూ చెప్పాకే ఏది ఎవరు రాశారో అక్క బయటపెడుతుంది. ఆడేది నేను, పోస్టాఫీసు సుబ్బారావు గారు, లెక్కల ప్రభాకర్ మాస్టారు.

ప్రభాకర్ మాస్టారు... ఏం చెప్పమంటారు. రెండేళ్ళుగా నా ఎదురు సీట్లో కూర్చుని, వేమూరులో దిగిపోతారు. ఆయన దిగాక ఎంతమంది ఎక్కినా నాకు రేపల్లె దాకా బండి ఖాళీగానే ఉంటుంది. వాళ్ళది చర్చి, మాది గుడి. అందుకే ఆయనా ఏమీ అనరు, నేనూ ఏమీ అనను. అలాంటిది పోయిన నెల ఆయనకి బాపట్ల ట్రాన్స్‌ఫరైంది.

ఆఖరి రోజు సరోజక్క "మత్కుణం" అంది. మామూలుగా అయితే 'సొట్టపోయిన ఇత్తడి గిన్నె' లాంటిదేదో రాసేదాన్ని. ఆ రోజు చెయ్యి మాట వినలేదు. 'చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చేసరికి ఎదుటి మనిషి దిగే స్టేషన్ వచ్చేయడం' అని రాసిచ్చాను. అక్క అది చదువుతూ కళ్ళజోడు మీంచి నన్ను చూసింది. మాస్టారు దాన్ని ఇంకోసారి చదవమన్నారు.

"ఇదేనండి అసలుది. ఇలాంటిది ఎవరూ కల్పించలేరు," అన్నారు.

ఈలోగా వేమూరు రానే వచ్చింది. అక్క అసలు అర్థం చెప్పకముందే ఆయన సంచి తీసుకుని దిగిపోయారు.

అసలు అర్థం ఏంటో తెలుసా? నల్లి. మంచాల్లో ఉండే నల్లి.

మొన్న శనివారం వేమూరులో వాళ్ళమ్మని చూడ్డానికి వెళ్తూ ఆయన మళ్ళీ మా బండి ఎక్కారు. చేతిలో బెల్లం జిలేబీ పొట్లం. ఎప్పటిలా నా ఎదురు సీట్లోనే కూర్చున్నారు. కొత్త స్కూల్లో పరిచయం చేసుకోమంటే లేచి, "తెనాలి వదిలి వస్తుంటే నా గుండెల్లో ఒక మత్కుణం మిగిలిపోయింది" అన్నారట. తెలుగు పంతులు గారు కుర్చీలోంచి పడిపోయినంత పనైందట. మేమందరం పడీపడీ నవ్వాం. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"నల్లి అని తెలిశాక కూడా ఆ అర్థం నన్ను వదల్లేదండి," అన్నారు నాకేసి చూస్తూ. "నాకూ అలాంటి మాట ఒకటి మిగిలిపోయింది. అది రాసినవాళ్ళకే చెబుదామని వచ్చాను. ఎవరండి రాసింది?"

సరోజక్క మోచేత్తో నా డొక్కలో పొడిచింది. 'నేనే' అంటే చాలు. రెండేళ్ళుగా నేను ఎదురుచూసింది దానికే కదా. నోరు తెరిచాను.

"సుబ్బారావు గారండి," అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు, నా నోరు పడిపోను.

పోనీ ఆ పెద్దాయనైనా కాదనాలిగా? ఆయన కళ్ళు పొట్లం మీదున్నాయి. "ఏదో, అలా తోచింది నాయనా," అన్నారు. మాస్టారు ఒక్క క్షణం ఆగి, లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. పొట్లం ఆయన చేతిలో పెట్టారు. ఆ పక్కన కూర్చోవాల్సింది నేను. నేనేమో ఎదురుగా కూర్చుని కిటికీలోంచి పొలాలు చూస్తున్నాను.

"అలాంటి మాట మిగిలిపోతే ఏం చెయ్యాలండి?" అని అడిగారు మాస్టారు.

సుబ్బారావు గారు రెండో జిలేబీ నోట్లో వేసుకుని, "ఏముంది, మర్చిపోవడమే," అన్నారు.

మాస్టారు తల ఊపి, వేమూరులో దిగిపోయారు. ఆయన పెద్దల మాట కాదనే మనిషి కాదు. అదీ నా ఖర్మ.