తెల్లకుళ్లు సంతానం

చంద్రపూర్ కలప పరీక్షశాలలో ఎవరు పలకరించినా మొగిలి తలెత్తడు. గని కప్పు కూలకుండా నిలబెట్టే కర్రలను తినేసే తెల్లకుళ్లు బూజును సీసాల్లో పెంచడం అతని పని. బూజు పట్టిన చెక్కముక్కలను ఎండబెట్టి, తూచి, ఎంత తిన్నదో రాస్తాడు. బొటనగోటితో గిచ్చి చూడనిదే తూకాన్ని కూడా నమ్మడు. పదకొండేళ్లుగా ఇదే. ఆ ఏడాది శాఖలన్నీ కలిపేస్తూ, మనుషులను పంచడానికి అనంతరావు అనే అధికారిని పంపారు. అతను మొగిలి కాగితం చూసి, "మీ నాయన మాజ్రి గనిల బొగ్గు నింపినోడే గద. నువ్వు గూడ గక్కడికే పో. రక్తంల ఉంటది పని," అన్నాడు.

మొగిలి లోపలికి వెళ్లి రెండు చెక్కముక్కలు తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఈ రెంటికి పట్టిన బూజులు ఒక్క పుట్టగొడుగు రాల్చిన పొడికెల్లి పుట్టిన పిల్లలే సార్. ఒత్తి చూడున్రి."

ఒకటి వేళ్ల మధ్య పీచుపీచుగా విడిపోయింది. రెండోదానిలో గోరు కూడా దిగలేదు.

"తల్లి కర్రను నమిలేసేదే. గీ బిడ్డకు తిననే రాదు."

"మీ నాయన సార్లు కనవడితె దండం పెట్టెటోడు," అన్నాడు అనంతరావు. "నీకు గా బుద్ధి రాలే."

"నేను చెప్పేది గదే సార్."

అనంతరావు చేతులు దులుపుకొని, మాజ్రి బదిలీ ఆర్డరు మీద సంతకం చేసి, అక్కడ చేరాల్సిన తేదీగా ఆ రోజే వేశాడు.